ఘాట్ రోడ్డుకి సరిపడే సరదా కారు: రిటైరయ్యాక నా వెతుకులాట

మాది సునాబేడ. ఒడిశాలో కొరాపుట్ జిల్లా. సాలూరు దాటి ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా వస్తే మా ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఫ్యాక్టరీలో హిందీ. విమానాలు తయారుచేసే హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ డివిజన్‌లో కుర్రాడిగా చేరి, అరవై నిండేదాకా తనిఖీ విభాగంలోనే చేశాను. మొదట మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు, తర్వాత సుఖోయ్‌లవి. ఇంజన్ మీద చెయ్యి వెయ్యడం నా వృత్తి. కానీ నాకోసం, నా ఇష్టం కోసం ఎంచుకున్న ఇంజన్ ఒక్కటీ లేదు. పిల్లల చదువులకీ పెళ్ళిళ్ళకీ ఇంటికీ సరిపోయే బండ్లే కొన్నాం. వ్యాగన్ఆర్ ఇప్పటికీ ఉంది, దాని మీద నాకు గౌరవమే.

రిటైర్మెంటు డబ్బు వచ్చాక మా ఆవిడతో కూర్చుని లెక్క వేశాను. పీఎఫ్, గ్రాట్యుటీలో ముట్టుకోకూడనిదంతా పక్కన పెట్టాం. మిగిలిన దాంట్లో "ఇది నీ సరదాకి" అని తనే ఒక మొత్తం విడగొట్టింది. పది లక్షల లోపు. షరతు ఒక్కటే: మనవడు వచ్చినప్పుడు వాడు కూర్చోవడానికి చోటుండాలి. ఆ ఒక్క మాటతో సగం స్పోర్ట్స్ కార్లు జాబితాలోంచి వెళ్ళిపోయాయి. అయినా అబ్బాయి హైదరాబాదులో ఉండటంతో, కొనకపోయినా చూద్దామని పాత ఖరీదైన కార్లు అమ్మే చోట్లకి వాణ్ణి తీసుకుని వెళ్ళాను.

చూడటం మంచిదైంది. బీఎండబ్ల్యూ జెడ్4లో కూర్చుంటే నేల చేతికి అందుతున్నట్టే ఉంటుంది. కూర్చోవడం సులువే. లేవడానికి మాత్రం ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, మోకాలు తిప్పి, నడుం ఎత్తాలి. మనసులో ఎంత హుషారున్నా అరవయ్యేళ్ళ తుంటికీళ్ళు ఆ పని రోజూ చెయ్యవు. నాలాంటి వాళ్ళకి నేను చెప్పేది ఇదే: కారు దగ్గరికి వెళ్ళగానే బానెట్ ఎత్తకండి. ముందు కూర్చోండి, దిగండి, మళ్ళీ కూర్చోండి. పక్క సీట్లో మీ ఆవిణ్ణి కూడా అలాగే ఎక్కి దిగమనండి. పార్కింగులో ఇరుకుగా ఉన్నప్పుడు సగం తెరిచిన తలుపులోంచి దిగి చూడండి. ఇంజన్ గురించి చదివి తెలుసుకోవచ్చు, ఈ సంగతి మాత్రం ఒళ్ళే చెప్పాలి.

ఫోర్డ్ మస్టాంగ్ కూడా చూశాను. మన దేశంలో 2016 నుంచి కొన్నేళ్ళు అమ్మిన ఐదు లీటర్ల వీ8 బండి. స్టార్ట్ చేయగానే ఛాతీలో తెలుస్తుంది ఆ శబ్దం. కానీ అది దాదాపు రెండు మీటర్ల వెడల్పు. సుంకి మలుపుల్లో ఎదురుగా బరువెక్కిన లారీ సగం మన వైపుకి వచ్చి తిరుగుతుంటే ఆ వెడల్పుని ఎక్కడ పెట్టుకోవాలి? ఇక ప్రపంచమంతా ఇలాంటి సరదాకి మొదట తలిచే మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. 1989లో వచ్చింది. టన్ను బరువు, వెనక చక్రాలకి శక్తి, ఇద్దరే మనుషులు. దాన్ని ఇక్కడ అమ్మరు. విదేశం నుంచి తెప్పించుకుంటే సుంకాలతో ధర ఎక్కడికో పోతుంది. కానీ ఆ కారుని తయారుచేసిన ఆలోచన నాకు పనికొచ్చింది. శక్తి తక్కువైనా పర్వాలేదు, బరువు తక్కువుండాలి, స్టీరింగు మాట్లాడాలి.

ఇక్కడే నా మనసు స్థిరపడింది. మా ఘాట్‌లో చాలాచోట్ల నలభై కిలోమీటర్లే గౌరవప్రదమైన వేగం. ఆ వేగంలో సరదా ఇవ్వని కారు నాకు రెండొందల్లో ఎంత సరదా ఇచ్చినా ఉపయోగం లేదు. గుర్రపుశక్తి అంకెలు పక్కన పెట్టి మూడు అడిగాను: రెండో గేరులో మలుపు తిరుగుతుంటే రోడ్డు చేతికి తెలుస్తోందా? గేరు మార్చడం దానికదే బాగుందా? బ్రేకు పెడల్ ఎంత నొక్కితే అంతే పట్టుకుంటోందా? ఆటోమేటిక్ గేర్‌బాక్సులు అక్కడితో పోయాయి. మోకాళ్ళు ఇంకా బాగున్నాయి, క్లచ్ నొక్కగలిగినన్నాళ్ళూ నొక్కుతాను.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొండ మీద ఉండేవాళ్ళు కూడా దీన్ని పట్టించుకోరు. మేం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. విశాఖలో ఉన్న గాలి కంటే ఇక్కడ గాలి దాదాపు పదో వంతు పలచన. మామూలు పెట్రోలు ఇంజను తన చుట్టూ ఉన్న గాలినే పీలుస్తుంది కాబట్టి శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. దేవమాలి మీదికి వెళితే, అది ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు, ఇంకా తగ్గుతుంది. టర్బో ఉన్న ఇంజనుకి ఆ బాధ చాలా తక్కువ. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని కుక్కి లోపలికి పంపుతుంది. బయట గాలి పలచనైతే ఆ చక్రం ఇంకొంచెం వేగంగా తిరిగి లోటు పూడుస్తుంది. టర్బైను, కంప్రెసరు, మధ్యలో మంట: నా జీవితమంతా చూసిన అమరికే అది, చిన్న రూపంలో. అందుకని టర్బో తప్ప వద్దనుకున్నాను. ఇందులో నా వృత్తి మీద ప్రేమ కూడా కొంత ఉంది.

విశాఖ వెళ్ళి కొత్తవి నడిపాను. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కి 2023లో ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు, 120 గుర్రాల చిన్న టర్బో ఇంజను, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. చాలా మంచి బండి. కొత్తది కావాలి, తలనొప్పి వద్దు అనేవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా తీసుకోవచ్చు. టాటా ఆల్ట్రోజ్ రేసర్ కూడా అదే శక్తి, అదే తరగతి. మిత్రుడి ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ ప్లస్ మాన్యువల్ మా కొండమీదే నడిపాను. నూట యాభై గుర్రాలు, నిండుకుండలాంటి నిలకడ, ఎక్కు మీద గేరు మార్చక్కర్లేకుండా లాగుతుంది. నా బడ్జెట్టుకి పైన ఉంది సరే, నాకు అంత పొడుగు కారు అక్కర్లేదు. వీటన్నిటిలో స్టీరింగుకి ఎలక్ట్రిక్ మోటారు సాయం. వేలితో తిరుగుతుంది, పార్కింగులో హాయి. మలుపులో మాత్రం ముందు చక్రాల కింద ఏం జరుగుతోందో చెయ్యికి చెప్పేది కొంచెమే.

థార్ కొనమన్నవాళ్ళు చాలామంది. మా బావమరిది అయితే "బావా, కొండల్లో ఉంటూ థార్ కాకుండా ఇంకేం కొంటావు?" అని పట్టుబట్టాడు. నాకు కావలసింది రోడ్డు లేనిచోట వెళ్ళే బండి కాదు, ఉన్న రోడ్డుని ఆనందంగా నడిచే బండి అని వాడికి నచ్చజెప్పాను.

అలాంటప్పుడు విశాఖలో మా పాత సహోద్యోగి కొడుకు ద్వారా అబార్త్ పుంటో ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. 2016 బండి. తెలియనివాళ్ళకి అది పాత ఫియట్ పుంటోలాగే కనిపిస్తుంది, తలుపు మీద ఎర్ర గీత, ముక్కు మీద తేలు గుర్తు తప్ప. అబార్త్ అంటే 1949లో ఇటలీలో కార్లో అబార్త్ మొదలుపెట్టిన సంస్థ. చిన్న కార్లని రేసు కార్లుగా మార్చడం వాళ్ళ పని. ఆయన పుట్టిన రాశి వృశ్చికం, అందుకే తేలు. మన దేశంలో పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారైన ఈ పుంటోని 2015 అక్టోబరులో పది లక్షల లోపు ధరకి తెచ్చారు. 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో, 145 గుర్రాలు, 212 న్యూటన్ మీటర్ల లాగుడు, ఐదు గేర్లు, నాలుగు డిస్కులు, నేలకీ కారుకీ మధ్య 155 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా ముఖ్యం, హైడ్రాలిక్ స్టీరింగు, అంటే దానికి సాయం మోటారు కాదు, ఆయిలు ఒత్తిడి.

కైలాసగిరి వైపు తీసుకెళ్ళి నడిపాను. మొదటి మలుపుకే చేతుల్లోకి రోడ్డు వచ్చింది. తారు మీద అతుకు వేసినచోటు, ఇసుక చల్లినట్టున్నచోటు, వాలు మారినచోటు, అన్నీ స్టీరింగులోంచి తెలుస్తున్నాయి. ఇంజను నిమిషానికి రెండు వేల తిప్పుల దగ్గర ఉండగా టర్బో అందుకుని వెనకనుంచి ఎవరో నెట్టినట్టు సాగింది. పక్కన కూర్చున్న మా ఆవిడ నా మొహం చూసి, "ఏమండీ, ఇంక వేరేవి చూడక్కర్లేదులెండి" అంది. తనకి సీటు ఎత్తు నచ్చింది, దిగడం తేలిక. నాలుగు తలుపులు. వెనక మనవడి సీటు కట్టుకోవచ్చు. లోపం కూడా వెంటనే కనిపించింది: పెడల్స్ దగ్గర ఇరుకు, ఎడమ పాదం ఆనించుకోడానికి చోటు లేదు. పొడుగాటి వాళ్ళు కొనేముందు అది చూసుకోవాలి.

నచ్చింది కదా అని డబ్బు చేతికివ్వలేదు. ఒక ఆదివారం అనుమతి అడిగి, నా సామాన్లతో వెళ్ళి పూర్తిగా తనిఖీ చేశాను. పాత టర్బో కారు కొనేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

బండి ముందురోజు రాత్రి నుంచి కదలకుండా, ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పాను. వేడి ఇంజను చాలా జబ్బులు దాచేస్తుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు వెనక నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. రాలేదు. తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వాటి మొహాలు చూశాను. నాలుగూ ఒకే రంగులో, లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఆ రంధ్రాల్లోంచి బోరోస్కోప్ దించాను. ఫ్యాక్టరీలో మేం టర్బైన్ రెక్కలు చూసే పరికరం ఖరీదు వేరు. ఇప్పుడు ఫోనుకి తగిలించుకునే సన్న కెమెరా తీగలు కొద్ది వందలకే దొరుకుతున్నాయి, కారుకి అవి చాలు. సిలిండరు గోడ మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ గీసినట్టుండే హోనింగ్ గీతలు (తయారీలో సానపట్టినప్పటివి) ఇంకా కనిపిస్తున్నాయి. అవి ఉన్నాయంటే గోడ అరగలేదన్నమాట. నిలువు గాట్లు ఉంటే అక్కడే లేచి నమస్కారం పెట్టి వచ్చేసేవాణ్ణి.

సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చెప్పే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిచాను. ఇక్కడ అంకె ఎంతన్నది కాదు, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఉన్నాయి. టర్బో గాలి గొట్టం విప్పి, కంప్రెసర్ చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని కదిపాను. పక్కకి వెంట్రుకవాసి ఊగడం మామూలే, ఆయిలు పొర మీద తేలే ఇరుసు కాబట్టి. ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం కదలకూడదు. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గుర్తులూ ఉండకూడదు. ఈ రెండూ బాగున్నాయి. ముందు సస్పెన్షన్ కింది ఆర్ముల రబ్బరు బుష్‌లు పోయాయి, అది పుంటోలకి అలవాటే, ధరలో తగ్గించుకున్నాం. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరు ఎంత మందం మిగిలినా తయారై ఆరేళ్ళు దాటితే ఘాట్ మీదికి నేను నమ్మను. నాలుగూ మార్చాలని లెక్కలో రాసుకున్నాను. ఈ ఇంజనులో టైమింగుకి, అంటే వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదలడానికి, గొలుసు కాదు, బెల్టు. అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. ఎప్పుడు మార్చారో రసీదు లేదు. రసీదు లేని బెల్టు మార్చని బెల్టే అనుకుని, దాని ఖర్చూ, టెన్షనర్, వాటర్ పంపుల ఖర్చూ కలిపాను. చివరికి నాలుగున్నర లక్షలకి ఒప్పుకున్నాం. మరమ్మతులకి ఇంకో లక్ష విడిగా పెట్టుకున్నాను.

అబ్బాయికి ఇష్టం లేదు. "నాన్నా, ఆ కంపెనీ ఇక్కడ అమ్మడమే మానేసింది, స్పేర్లు ఎక్కడినుంచి తెస్తావు?" అన్నాడు. వాడి భయం న్యాయమైనదే. ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషికి ఈ కారు కొనమని నేనూ చెప్పను. నా పరిస్థితి వేరు. ఒక భాగం కోసం మూడు వారాలు ఆగాల్సి వస్తే ఆగగలను, వ్యాగన్ఆర్ ఉంది. సస్పెన్షన్, బ్రేకుల భాగాల్లో చాలావరకు మామూలు పుంటో, లీనియాలతో కలుస్తాయి. ఆ కార్లు రోడ్ల మీద ఇంకా ఉన్నాయి. అన్నిటికీ మించి, పని చేసే చేతులున్నాయి, పగలంతా ఖాళీ ఉంది. రిటైరైన ఇంజన్ మనిషికి కొంచెం పని చెప్పే కారు ఉండటం భారం కాదు. ఇదే మాట వాడికి చెప్పాను. రెండు రోజులకి వాడే ఒక టార్క్ రెంచ్ కొని పంపాడు.

కాగితాల పని ఓపికగా చేసుకోవాలి. సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్ళం ఆంధ్రా నంబరుతో ఒడిశాలో, ఒడిశా నంబరుతో ఆంధ్రాలో తిరిగేస్తుంటాం. చట్టం ప్రకారం బండిని పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. అమ్మిన కుర్రాడు ముందు బ్యాంకు రుణం తీరినట్టు ఫారం 35తో ఆర్సీలో హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు నమోదు, తీయించుకోవాలి. నేను దానికోసం ఆగాను. అది తీయకుండా డబ్బంతా ఇవ్వకండి. ఆ తర్వాత ఫారం 28తో ఎన్ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి అభ్యంతరం లేదనే పత్రం. దానికి ఛాసిస్ నంబరు మీద కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తియ్యాలి. పుంటోలో ఆ నంబరు దొరికేచోట నేల మీద పడుకుని తీశాను. చలాన్లు బాకీ ఉంటే ఎన్ఓసీ రాదు, అమ్మేవాడి సీటు బెల్టు చలానో వేగం చలానో ఏదున్నా ముందే కట్టించండి. యాజమాన్యం మార్పుకి 29, 30 ఫారాలు, ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27. కొరాపుట్ ఆర్టీఓలో బండి చూపించి, కారు వయసుని బట్టి వేసిన పన్ను కట్టాక ఓడీ 10 నంబరు వచ్చింది. ఈ తిరుగుళ్ళలో ఒక ఏజెంటు "నేను చూసుకుంటాను సార్" అని డబ్బు తీసుకుని ఫైలుని కదలకుండా ఉంచాడు. ఆ తర్వాత నేనే కౌంటరు దగ్గర నిలబడి చేయించుకున్నాను. అక్కడి గుమాస్తా చాలా మర్యాదగా, ఏ కాగితం తక్కువో వరసగా చెప్పాడు.

ఇన్సూరెన్స్ మరిచిపోయేవాళ్ళు ఎక్కువ. బదిలీ జరిగిన పద్నాలుగు రోజుల్లోపు పాలసీ మన పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది మనిషిది, కారుది కాదు. ఆర్సీ పదిహేనేళ్ళకి, అంటే నా బండికి 2031 దాకా చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు.

బెల్టు, టైర్లు, బుష్‌లు, బ్రేకు ఆయిలు మార్చాకే ఘాట్ ఎక్కించాను. జయపురంలో ఒక మేస్త్రీ ఉన్నాడు, వాళ్ళది పార్వతీపురం వైపు. "గురువుగారూ, దీన్ని ఇన్నాళ్ళకి మళ్ళీ చూశాను" అని లిఫ్టు మీదికి ఎక్కించి కిందంతా ఇష్టంగా తుడిచాడు. బెల్టు మార్చేటప్పుడు నన్నూ పక్కనే ఉండనిచ్చాడు. క్రాంకు, క్యాము గుర్తులు ఇద్దరం సరిచూసుకుని, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ చూసుకున్నాకే మూత బిగించాం.

ఇప్పుడు పొద్దున్నే, లారీలు ఇంకా నిద్రలేవకముందు, కొరాపుట్ మీదుగా జయపురం ఘాట్ దిగి వస్తాను. దిగేటప్పుడు రెండో గేరు, ఒక్కోచోట మూడో గేరు. వేగాన్ని ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకు మలుపుకి ముందు ఒకసారి గట్టిగా, తర్వాత వదిలెయ్యడమే. పొడుగునా కాలు ఆనించి ఉంచితే డిస్కులు కాగి, పెడల్ మెత్తబడుతుంది. ఎక్కేటప్పుడు మలుపు మధ్యలో కాకుండా, ముందే గేరు తగ్గించి, బయటికి వచ్చేటప్పుడు కాలు మెల్లగా దించితే ఆ టర్బో నెమ్మదిగా ఊపిరి పోసుకుని పైకి లాక్కుపోతుంది. నాకు ఇంతకన్నా ఆనందం ఇచ్చే పని ఇంకొకటి ఈమధ్య కాలంలో తెలియదు. శ్రావణంలో పొగమంచు కమ్మితే మాత్రం కారు బయటికి తియ్యను. మట్టి జారే చోట్లు నాకు తెలుసు, ఎదుటివాడికి తెలియకపోవచ్చు. ఇంటికి వచ్చాక వెంటనే ఆపను, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచుతాను. టర్బో ఇరుసు చల్లబడేదాకా ఆయిలు తిరగాలి. జెట్ ఇంజన్లనీ అలాగే చల్లార్చి ఆపేవాళ్ళం.

ఒక్క సంగతి నన్ను ఆలోచింపజేస్తోంది, పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసినదే. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లని దానికి తగిన రబ్బర్లతో చేస్తున్నారు, నాది అంతకు ముందుది. అందుకని ఇంజను దగ్గర పెట్రోలు గొట్టాలు ముందుజాగ్రత్తగా మార్పించాను. పాతవి కోసి లోపల చూస్తే ఇంకా బాగానే ఉన్నాయి. వారాల తరబడి ట్యాంకులో నిలవ ఉండనివ్వను, వానాకాలంలో ట్యాంకు ఖాళీగానూ ఉంచను. నెలకోసారి గొట్టాల అతుకుల దగ్గర వేలు పెట్టి తడి చూస్తాను.

దసరా సెలవులకి అబ్బాయి కుటుంబంతో వస్తున్నాడు. దేవమాలి మీదికి వాడే నడుపుతానన్నాడు. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో, కొండమీద ఏ మలుపులో రెండో గేరు కావాలో, కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపాను. మనవడి సీటు బెల్టు కొలతలు కూడా పంపమన్నాడు, రేపు కొలవాలి.